వివాదాస్పద సామాజిక ప్రశ్నలు, ఓటింగ్ శాతం

అభ్యర్థికి కాక ఒక ప్రశ్నకు ఓటు వేసి ‘అవును’, ‘కాదు’ అని ప్రజలే తేల్చే పద్ధతిని ప్రజాభిప్రాయ సేకరణ లేదా రెఫరెండం అంటారు. పన్నులు, బాండ్లు, పదవీకాలాల వంటి పొడి విషయాలతో పాటు విడాకులు, గర్భస్రావం, స్వలింగ వివాహం, మద్యం, వలసలు, భాష వంటి ఇంటింటా వాదన పుట్టించే విషయాలూ ఈ దారిలో బ్యాలెట్ మీదికి వస్తుంటాయి. ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంటే చాలు, మామూలుగా గడప దాటని ఓటరు కూడా పోలింగ్ కేంద్రానికి వస్తాడని పార్టీల వ్యూహకర్తలు గట్టిగా నమ్ముతారు. అనుభవం ఈ నమ్మకాన్ని సగమే సమర్థిస్తోంది. ఒకే తరహా ప్రశ్న ఒకచోట నూటికి 80 మందిని రప్పించింది, మరొకచోట నూటికి 20 మందినే రప్పించగలిగింది. దేశాలనూ కాలాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రశ్న ఎంత వేడిగా ఉందన్నదానితో పాటు మరో మూడు విషయాలు కలిసిరావాలని తెలుస్తుంది: ఆ రోజు బ్యాలెట్‌పై ఇంకేముంది, ఇంట్లో కూర్చున్న ఓటరును నిబంధనలు ఎలా లెక్కిస్తాయి, తన ఓటుతో ఏం మారుతుందో ఓటరుకు అర్థమైందా. వివాదం దీపం లాంటిది. చీకటి గదిలో పెడితే దారి చూపుతుంది. పట్టపగలు పెడితే వెలుగుతోందన్న సంగతే తెలియదు.

పద్ధతి, లెక్క

ఈ పద్ధతికి పాత కాణాచి స్విట్జర్లాండ్. అక్కడి నుంచి స్ఫూర్తి తీసుకున్న అమెరికాలో 1898లో సౌత్ డకోటా తొలిసారిగా ప్రజలు సంతకాలు సేకరించి చట్టాన్ని ప్రతిపాదించే హక్కును తన రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చింది. ఆ హక్కును మొదట వాడుకున్నది ఆరెగన్, 1904లో. అప్పుడు నెగ్గిన రెండు ప్రతిపాదనల్లో ఒకటి మద్యం అమ్మకాలను స్థానిక ఓటర్ల నిర్ణయానికి వదిలే చట్టం. అంటే సామాజిక వివాదం బ్యాలెట్ ఎక్కడం ఈ పద్ధతితో పాటే పుట్టింది. నేడు అమెరికాలో దాదాపు సగం రాష్ట్రాలకే ఈ హక్కు ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారిలో కాలిఫోర్నియాలో ఉండేవారికి నవంబరు ఎన్నికల్లో ఇలాంటి ప్రతిపాదనలు పది దాకా ఎదురవుతాయి. టెక్సస్, న్యూజెర్సీలలో ఉండేవారికి పౌరుల సంతకాలతో వచ్చిన రాష్ట్రస్థాయి ప్రతిపాదన ఒక్కటీ కనబడదు. లెక్క విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఐరోపాలో ఓటింగ్ శాతాన్ని సాధారణంగా జాబితాలో పేరున్న ఓటర్లతో లెక్కిస్తారు. అమెరికాలో పేరు నమోదు చేసుకునే బాధ్యత చాలావరకు పౌరుడిదే కాబట్టి పరిశోధకులు ఓటు హక్కుకు అర్హులైన మొత్తం జనాభాతో లెక్క వేస్తారు. భాజకం మారితే శాతం మారుతుంది. అందుకే ఒక దేశపు అంకెను మరో దేశపు అంకెతో నేరుగా పోల్చడం కన్నా, అదే దేశంలో అదే ఓటర్లు వేర్వేరు ప్రశ్నలకు ఎలా స్పందించారో చూడడం మేలు.

ఓటరును కదిలించేది ఏది

అలాంటి పోలికకు ఐర్లాండ్ చక్కగా సరిపోతుంది. అక్కడ రాజ్యాంగంలో ఏ మాట మార్చాలన్నా ప్రజల ఓటు తప్పనిసరి, కనీస ఓటింగ్ శాతం నిబంధన లేదు. 2012 నవంబరులో పిల్లల హక్కుల సవరణకు 33.5 శాతం మందే ఓటు వేశారు. 2015 మే 22న స్వలింగ వివాహాల సవరణకు 60.5 శాతం, 2018 మే 25న గర్భస్రావ నిషేధం తొలగింపుకు 64.1 శాతం వచ్చారు. ప్రశ్న మారిందే తప్ప దేశం అదే, పోలింగ్ కేంద్రాలు అవే, వర్షాలూ అవే. 2015లో ఓటర్ల చేతికి మరో కాగితం కూడా ఇచ్చారు: అధ్యక్ష పదవికి పోటీ చేసే కనీస వయసును 35 నుంచి 21కి తగ్గించవచ్చా అన్న ప్రశ్న అది. ఆ ప్రశ్న కోసం ఎవరూ ఇల్లు కదిలి ఉండరు. అయినా దానికి కూడా 60.5 శాతమే నమోదైంది, నూటికి 73 మంది తిరస్కరించారు. పెళ్లి ప్రశ్న తెచ్చిన జనమే వయసు ప్రశ్నకూ తీర్పు చెప్పారు. వివాదాస్పద ప్రశ్న తన వెంట వచ్చిన ఓటర్లను పక్కనున్న ప్రశ్నకు ఊరికే అరువిస్తుందనడానికి ఇంతకన్నా తేటతెల్లమైన ఉదాహరణ దొరకదు. విదేశాల్లో ఉంటున్న ఐరిష్ పౌరులకు పోస్టల్ ఓటు దాదాపు లేదు. 2015లోనూ 2018లోనూ యువతీయువకులు విమానాల్లో, ఓడల్లో సొంత ఊళ్లకు తిరిగి వెళ్లి ఓటు వేశారు. గడువు ముగిసేలోపు కొత్తగా జాబితాలో చేరినవారు మొదటిసారి 60 వేలకు పైన, రెండోసారి లక్షకు పైన.

ఇదంతా ఎలా జరుగుతుందన్న దానికి రాజనీతి శాస్త్రం చెప్పే సమాధానం కొంతవరకు ఎడ్వర్డ్ కార్మైన్స్, జేమ్స్ స్టిమ్సన్ 1980లో చూపిన తేడాలో ఉంది. కొన్ని సమస్యలు ‘సులువైనవి’, కొన్ని ‘కఠినమైనవి’ అన్నారు వాళ్లు. సులువైన సమస్య అంటే చిన్నదని కాదు. దాని మీద అభిప్రాయం ఏర్పరచుకోవడానికి లెక్కలూ నివేదికలూ చదవనక్కర్లేదని అర్థం. బడ్జెట్ లోటు గురించి అడిగితే చాలామంది తల గోక్కుంటారు. విడాకులు ఉండాలా వద్దా అంటే చదువుతో పని లేకుండా ప్రతి ఒక్కరికీ ఒక మాట ఉంటుంది. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు వాళ్ల ఇంట్లో, బంధువుల్లో, గుడిలో, చర్చిలో ఎప్పుడో సిద్ధమై ఉంది. దీనికి తోడు ఇలాంటి ప్రశ్నలకు పార్టీలకు వెలుపల సైన్యాలు ఉంటాయి. చర్చి సంఘాలు, మహిళా సంఘాలు, విద్యార్థి బృందాలు ఇల్లిల్లూ తిరుగుతాయి. బ్రిటన్‌లో 2011లో ఓట్లు లెక్కించే పద్ధతిని మార్చాలా అన్న రెఫరెండానికి 42 శాతం మంది వచ్చారు, 2016లో ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలా అన్నదానికి 72 శాతం మంది వచ్చారు. మొదటిది పాలనా యంత్రం లోపలి మరమ్మతు. రెండోది తామెవరన్న ప్రశ్నగా జనానికి అర్థమైంది.

అయితే సామాజిక విషయం అన్న ముద్ర ఒక్కటే జనాన్ని తేలేదని అదే ఐర్లాండ్ 2024 మార్చి 8న చూపింది. కుటుంబం అంటే పెళ్లి మీద ఆధారపడినదే అన్న భావననూ, ఇంటి పట్టున మహిళ బాధ్యతల గురించిన పాత వాక్యాన్నీ మార్చాలన్న రెండు సవరణలు అవి. స్త్రీ, పెళ్లి, కుటుంబం అన్న మూడు మాటలూ అందులో ఉన్నాయి. వచ్చినవారు 44.4 శాతమే, రెండూ ఘోరంగా ఓడాయి. పెద్ద పార్టీలన్నీ 2015లోనూ ‘అవును’ వైపే ఉన్నాయి, 2024లోనూ అటే ఉన్నాయి కాబట్టి తేడాను పార్టీల్లో వెతికి లాభం లేదు. 2015లో గెలిస్తే ఎవరికి ఏమొస్తుందో, ఓడితే ఎవరు ఏం కోల్పోతారో పదేళ్ల పిల్లాడికీ తెలుసు. 2024లో ‘దీర్ఘకాలిక సంబంధాలు’ అన్న కొత్త పదబంధానికి చట్టంలో అర్థమేమిటో న్యాయవాదులే తేల్చుకోలేకపోయారు. స్విట్జర్లాండ్‌లోనూ ఇదే కనిపిస్తుంది. సైన్యాన్ని రద్దు చేయాలా అన్న 1989 ఓటుకు 69 శాతం మంది వచ్చారు. కోవిడ్ చట్టంపై 2021 నవంబరులో 65.7 శాతం వచ్చారు. గర్భస్రావం మొదటి పన్నెండు వారాల్లో శిక్షార్హం కాదన్న 2002 నాటి ప్రశ్నకు మాత్రం 42 శాతమే. ప్రపంచమంతా తగువులాడే విషయమే అయినా, స్విస్ సమాజంలో అప్పటికే ఆచరణలో చాలావరకు స్థిరపడిన పద్ధతికి ఆ ఓటు రాజముద్ర వేసింది. ఏది వివాదమో పదం చెప్పదు, ఆ కాలం చెబుతుంది.

క్యాలెండర్ ప్రభావం

వివాదాస్పద ప్రశ్న ఎన్నికలనే మలుపు తిప్పుతుందన్న కథకు మూలం 2004 అమెరికా అధ్యక్ష ఎన్నిక. ఆ నవంబరు 2న 11 రాష్ట్రాల్లో స్వలింగ వివాహాలను నిషేధించే సవరణలు బ్యాలెట్‌పై ఉన్నాయి, పదకొండూ నెగ్గాయి. ఒహాయోలో సవరణకు 62 శాతం ఓట్లు వచ్చాయి, అదే ఒహాయోలో జార్జి బుష్ సుమారు 1,18,000 ఓట్ల తేడాతో గెలిచి అధ్యక్ష పదవి నిలుపుకున్నారు. రెండింటినీ కలిపి ముడివేయడం తేలిక. కానీ ఆ ఏడు దేశమంతటా ఓటింగ్ పెరిగింది: అర్హులైన జనాభాలో 2000లో దాదాపు 54 శాతం ఉన్నది 60 శాతానికి చేరింది. ఇరాక్ యుద్ధం, గత ఎన్నికలో ఫ్లోరిడా ఓట్ల లెక్కింపుపై రేగిన రభస, రెండు పార్టీల ఇంటింటి ప్రచారం అందుకు చాలినన్ని కారణాలు. సవరణలున్న రాష్ట్రాల్లో పెరుగుదల, లేని రాష్ట్రాల్లో పెరుగుదల కన్నా చెప్పుకోదగినంత ఎక్కువ లేదని తర్వాతి విశ్లేషణలు చూపాయి. పైగా ఆ 11 రాష్ట్రాల్లో ఆరెగన్, మిషిగన్ నిషేధానికి ఓటు వేస్తూనే బుష్ ప్రత్యర్థి జాన్ కెరీని గెలిపించాయి. ఒహాయోలో ప్రశ్న ప్రభావం అసలే లేదనడం తొందరపాటు. డేనియల్ స్మిత్, ఆయన సహచరులు కౌంటీల వారీగా చూసి కొన్నిచోట్ల దాని జాడ ఉందన్నారు. అయినా అధ్యక్ష ఎన్నిక అన్న పట్టపగటి వెలుగులో ఆ జాడ వెతుక్కోవాల్సిన స్థితిలో ఉంది. ఇందుకు అంకెల్లో ఆధారం కూడా ఉంది. కరోలిన్ టోల్బర్ట్, జాన్ గ్రమెల్, డేనియల్ స్మిత్ 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం బ్యాలెట్‌పై ఉన్న ఒక్కో ప్రతిపాదన అధ్యక్ష ఎన్నికల్లో ఓటింగ్‌ను అర శాతం, అధ్యక్ష పదవికి పోటీ లేని మధ్యంతర ఎన్నికల్లో 1.2 శాతం చొప్పున పెంచింది. సందడి తక్కువగా ఉన్న ఎన్నికలో ప్రభావం రెట్టింపుకు మించి ఉందన్నమాట.

ఆ సూత్రం కాన్సాస్ రాష్ట్రంలో 2022 ఆగస్టు 2న కళ్లకు కట్టింది. గర్భస్రావ హక్కును కాపాడిన రో వర్సెస్ వేడ్ తీర్పును అమెరికా సుప్రీంకోర్టు జూన్ 24న కొట్టేసింది. ఆరు వారాలు కూడా తిరగకముందే, రాష్ట్ర రాజ్యాంగంలో ఆ హక్కు లేదని చేర్చే సవరణపై కాన్సాస్ ఓటు వేసింది. ఆగస్టులో జరిగేవి పార్టీల అంతర్గత ప్రైమరీలు. ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటర్లకు వాటిలో పాత్ర లేదు, కాబట్టి వాళ్లు మామూలుగా ఆ వైపు రారు. ఆ రోజు వాళ్లు పోలింగ్ కేంద్రానికి వెళితే అభ్యర్థుల పేర్లేవీ లేకుండా దాదాపు ఈ ఒక్క ప్రశ్నే ఉన్న బ్యాలెట్ చేతికొచ్చింది. దాని కోసమే వాళ్లు వచ్చారు. 2018 ఆగస్టు ప్రైమరీలో ఓటింగ్ 27 శాతం; ఈసారి 36 శాతం రావచ్చని రాష్ట్ర ఎన్నికల అధికారి అంచనా వేశారు; వచ్చింది నమోదైన ఓటర్లలో దాదాపు సగం. సవరణకు అనుకూలంగా 3,78,466, వ్యతిరేకంగా 5,43,855 ఓట్లు పడ్డాయి. రెండు పార్టీల గవర్నర్ ప్రైమరీలలో పడిన మొత్తం ఓట్లకన్నా ఇవి లక్షకు పైగా ఎక్కువ. మరుసటి ఏడాది ఒహాయో ఇంకా విచిత్రమైన పాఠం చెప్పింది. ఆగస్టు ప్రత్యేక ఎన్నికలకు జనం రారు, ఖర్చు దండగ అని అక్కడి శాసనసభ వాటిలో చాలావాటిని రద్దు చేసింది. కొద్ది నెలలకే, రాజ్యాంగ సవరణలకు ఇకపై 60 శాతం ఓట్లు కావాలన్న ప్రతిపాదనను అదే ఆగస్టులో పెట్టింది. నవంబరులో రానున్న గర్భస్రావ హక్కుల సవరణను అడ్డుకోవడమే దాని ఆంతర్యమని అందరికీ అర్థమైంది. ఏడాది కిందటి ఆగస్టులో 8 శాతం దగ్గర నిలిచిన ఓటింగ్ ఈసారి 38 శాతం దాటింది, ప్రతిపాదన 57 శాతం వ్యతిరేక ఓట్లతో ఓడింది. నవంబరులో గర్భస్రావ హక్కుల సవరణకు 56.8 శాతం వచ్చింది. ఆగస్టు ప్రతిపాదన నెగ్గి ఉంటే అది వీగిపోయేది.

ఇంట్లో కూర్చోవడమూ ఒక ఓటే

నిబంధన మారితే ఇదే వివాదం జనాన్ని ఇంట్లో కూర్చోబెడుతుంది. ఇటలీ రాజ్యాంగం 75వ అధికరణ ప్రకారం చట్టాన్ని రద్దు చేసే రెఫరెండం చెల్లాలంటే ఓటర్లలో సగానికి పైగా పాల్గొనాలి; ఇలాంటి కనీస హాజరునే కోరం అంటారు. 1974లో విడాకుల చట్టాన్ని రద్దు చేయాలా అన్నప్పుడు 87.7 శాతం మంది వచ్చి, 59 శాతం మంది చట్టాన్ని నిలబెట్టారు. అప్పట్లో అన్ని వర్గాలూ తమ వాళ్లను పోలింగ్‌కే తోలాయి. 2005 జూన్‌లో కృత్రిమ గర్భధారణ చట్టంలోని ఆంక్షల సడలింపుపై ఓటు జరిగినప్పుడు చర్చి పెద్దలు వ్యతిరేకంగా ఓటు వేయమనలేదు, అసలు వెళ్లవద్దన్నారు. లెక్క సరళం. వెళ్లి ‘వద్దు’ అంటే కోరం నిండడానికి సాయపడినట్టు. వెళ్లకపోతే సోమరుల గైర్హాజరు కూడా తమ ఖాతాలో పడుతుంది. పావువంతు మందే ఓటు వేశారు, వేసినవారిలో అత్యధికులు ‘అవును’ అన్నా ఫలితం చెల్లలేదు. రొమేనియాలో 2018 అక్టోబరులో పెళ్లి అంటే స్త్రీపురుషుల మధ్యదేనని రాజ్యాంగంలో రాయడానికి రెండు రోజుల పాటు పోలింగ్ పెట్టారు. కనీసం 30 శాతం రావాలి. ప్రత్యర్థులు బహిష్కరణకు పిలుపునిచ్చారు. వచ్చినవారిలో నూటికి 91 మంది ‘అవును’ అన్నారు, వచ్చింది మాత్రం 21 శాతమే. ఇటలీలో సంప్రదాయవాదులు, రొమేనియాలో ఉదారవాదులు ఒకే ఆయుధం వాడారు. కాబట్టి అక్కడి తక్కువ శాతాన్ని ఉదాసీనత అనుకోవడం పొరపాటు. అందులో ఎంత నిర్లక్ష్యమో, ఎంత పన్నాగమో అంకె చెప్పదు. దీనికి అచ్చంగా ఎదురుగా నిలిచేది ఆస్ట్రేలియా. మామూలు ఎన్నికల్లో ఓటు తప్పనిసరి అయిన ఆ దేశం 2017లో స్వలింగ వివాహంపై స్వచ్ఛందంగా పోస్టులో జవాబు పంపమంది. కోరం లేదు, జరిమానా లేదు, న్యాయపరమైన కట్టుబాటు కూడా లేదు. 79.5 శాతం మంది పంపారు, 61.6 శాతం మంది ‘అవును’ అన్నారు.

వచ్చిన ఓటు ఎవరిది

వ్యూహకర్తల నమ్మకంలో రెండో సగం ఏమిటంటే, ప్రశ్న కోసం వచ్చిన ఓటరు తమ అభ్యర్థికీ ఓటు వేస్తాడని. ఇది మొదటి సగం కన్నా బలహీనమైనది. 2022 నవంబరులో కెంటకీ ఓటర్లు గర్భస్రావ హక్కును తొలగించే సవరణను ఓడించి, అదే బ్యాలెట్‌పై గర్భస్రావ వ్యతిరేకి అయిన సెనేటర్ రాండ్ పాల్‌ను భారీ ఆధిక్యంతో గెలిపించారు. అదే రోజు మిషిగన్‌లో గర్భస్రావ హక్కుల ప్రతిపాదన 56.7 శాతంతో నెగ్గింది, డెమొక్రాట్లు దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత గవర్నర్ పదవితో పాటు రెండు సభలనూ చేజిక్కించుకున్నారు. దానికి ప్రశ్నే కారణమని చెప్పేవారు, స్వతంత్ర కమిషన్ గీసిన కొత్త నియోజకవర్గాల హద్దులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2024 నవంబరులో పది రాష్ట్రాల్లో గర్భస్రావం బ్యాలెట్ ఎక్కింది, ఏడింట హక్కుల పక్షం నెగ్గింది. ఫ్లోరిడాలో 57 శాతం వచ్చినా 60 శాతం నిబంధన వల్ల ఓడింది. ఆ నెగ్గిన ఏడింటిలో మిస్సోరి, మోంటానా, అరిజోనా, నెవాడా డొనాల్డ్ ట్రంప్‌కే ఓటు వేశాయి. బ్యాలెట్‌పై విడిగా ప్రశ్న ఉండడమే ఓటరుకు ఈ వెసులుబాటు ఇస్తుంది: విషయాన్ని పార్టీ నుంచి విడదీసి, ఒకచోట ఒక మాట, మరోచోట మరో మాట చెప్పగలుగుతాడు. పార్టీలు ప్రశ్నను ఎరగా వేస్తే, ఓటరు ఎర తిని గాలం వదిలేస్తాడు.

ప్రశ్న ముగిశాక మిగిలేది ఒక్కోసారి ప్రశ్నకన్నా పెద్దది. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రాపొజిషన్ 187కు 59 శాతం ఓట్లు వేశారు. పత్రాలు లేని వలసదారులకు ప్రభుత్వ విద్య, అత్యవసరం కాని వైద్యం వంటి సేవలు నిలిపివేయడం దాని ఉద్దేశం. కోర్టులు దాన్ని అమలు కానివ్వలేదు. ఆ వాతావరణంలో పౌరసత్వం తీసుకున్న లాటినోలను, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారిని, ఏడ్రియన్ పంతోహా, రికార్డో రామిరెజ్, గ్యారీ సెగూరా 2001లో పరిశీలించారు. టెక్సస్, ఫ్లోరిడాలలోని లాటినోలకన్నా, కాలిఫోర్నియాలోనే ముందు నుంచీ పౌరులైన లాటినోలకన్నా వీళ్లు ఎక్కువగా ఓటు వేస్తున్నట్టు తేలింది. చీలిక తెచ్చే ప్రశ్న ఎవరికి వ్యతిరేకంగా వచ్చిందో వాళ్లనే ఏళ్ల తర్వాత ఓటర్లుగా నిలబెట్టవచ్చు. ఆ లెక్క ఎన్నిక రోజు రాత్రి వెలువడే ఓటింగ్ శాతంలో ఉండదు.

అభ్యంతరాలు

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: ఉత్సాహం ముందే ఉన్నచోటే ప్రశ్న పెడతారు, కాబట్టి ప్రశ్న ఉత్సాహాన్ని తెచ్చిందనడం కార్యకారణాలను తారుమారు చేయడమే. సంతకాల ద్వారా వచ్చే ప్రతిపాదనల విషయంలో ఇందులో బలం ఉంది. కానీ కాన్సాస్, ఒహాయో ఉదంతాల్లో ప్రశ్నను పెట్టింది శాసనసభలు, పెట్టింది జనం పలచగా వచ్చే ఆగస్టులో. ఒహాయోలో కొద్దిమందే వస్తారన్న లెక్కతో పెట్టిన చోట వెల్లువ వచ్చింది కాబట్టి, ఉత్సాహం ప్రశ్న వెనకాలే వచ్చిందనడం న్యాయం. రెండో అభ్యంతరం: తగువులతో విసిగిన జనం రాజకీయాలకే దూరమవుతారు. రొమేనియాను చూపి ఈ మాట అనేవారు కోరం అన్న నిబంధనను మరచిపోతున్నారు. కోరం లేని చోట అదే తరహా ప్రశ్నకు అంత పలచని స్పందన అరుదు. మూడోది అన్నిటికన్నా గట్టిది. జాషువా డిక్, ఎడ్వర్డ్ లాషర్ 2019 నాటి తమ పుస్తకంలో, ప్రతిపాదనల వల్ల పౌరుల్లో రాజకీయ ఆసక్తి, ప్రభుత్వంపై విశ్వాసం పెరుగుతాయన్న పాత సిద్ధాంతానికి ఆధారాలు బలహీనమన్నారు. ఓటింగ్‌లో కనిపించే పెరుగుదల చాలావరకు ప్రచార సైన్యాల పనే అన్నారు. ఇది కొట్టేయదగిన మాట కాదు. ఇక్కడి వాదనకు ఇది విరుద్ధమూ కాదు. ఒక ప్రశ్న ఓటరును ఒక రోజు గడప దాటిస్తుంది. మంచి పౌరుడిగా మార్చే పని దానికి అప్పగిస్తే, అది మోయలేని బరువు.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారత రాజ్యాంగంలో రెఫరెండానికి చోటు లేదు. తెలంగాణ ఏర్పాటు వంటి పెద్ద ప్రశ్న కూడా 3వ అధికరణ ప్రకారం పార్లమెంటులో తేలింది, బ్యాలెట్‌పై తేలలేదు. ఒకే ప్రశ్నపై ఓటు వేసిన అరుదైన భారతీయ సందర్భాల్లో గోవా ముఖ్యమైనది. మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగానే ఉండాలా అని 1967 జనవరి 16న అడిగారు. చదువు రానివారి కోసం విలీనానికి పువ్వు, విడిగా ఉండడానికి రెండాకులు గుర్తులు. కొంకణి, మరాఠీ భాషల చుట్టూ రాజుకున్న ఆ పోరులో 80 శాతం పైన ఓటర్లు పాల్గొన్నారు. విలీనానికి 1,38,170, వ్యతిరేకంగా 1,72,191 ఓట్లు వచ్చాయి. అడిగింది ఒకటే ప్రశ్న, ఫలితం ఏమవుతుందో ఊరందరికీ తెలుసు, ఏ వైపు నెగ్గుతుందో మాత్రం తెలియదు: ఓటరును కదిలించే దినుసులన్నీ అందులో ఉన్నాయి. తెలుగునాట సామాజిక ప్రశ్నలు పార్టీ గుర్తుల చాటునే బ్యాలెట్ ఎక్కుతాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల పేరుతో పాకిన సారా వ్యతిరేక పోరాటం 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ మద్యనిషేధ హామీగా మారింది. 1995లో అమలైన నిషేధం 1997కల్లా సడలిపోయింది. నిషేధం కోసం వేసిన ఓటూ, రెండు రూపాయల బియ్యం కోసం వేసిన ఓటూ, పాలకపక్షంపై కోపంతో వేసిన ఓటూ ఒకే సైకిల్ గుర్తు మీద పడ్డాయి కాబట్టి వేటి బరువు ఎంతో విడదీయడం సాధ్యం కాదు. వేడి ఒక్కటే చాలదనడానికి హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఎన్నికలు మరో నిదర్శనం. 2020 ప్రచారంలో పాతబస్తీ, నగరం పేరు మార్పు, మతం చుట్టూ మాటల మంటలు రేగాయి. 2016లో 45 శాతం ఉన్న ఓటింగ్ 46 శాతం దగ్గరే ఆగింది. కోవిడ్ భయం కొందరిని ఆపి ఉండవచ్చు. అయినా మాటల మంటకూ బ్యాలెట్ మీది ప్రశ్నకూ తేడా ఉంది: నగరం పేరు మార్చాలా వద్దా అన్నదానికి ఆ రోజు ఏ ఓటరు చేతికీ కాగితం ఇవ్వలేదు.

ఈ ఉదాహరణలన్నిటి నుంచి ఒక తీర్పు చెప్పవచ్చు. చీలిక తెచ్చే సామాజిక ప్రశ్న ఓటింగ్ శాతాన్ని పెంచగలదు. చిన్న ఎన్నికలో ఎక్కువగా, పెద్ద ఎన్నికలో అంతంత మాత్రంగా. స్పష్టమైన ఫలితం ఉన్నచోట ఎక్కువగా, అర్థం కాని మాటలున్నచోట తక్కువగా పెంచుతుంది. కోరం ఉన్నచోట అదే ప్రశ్న ఓటింగ్‌ను కిందికి లాగగలదు. వచ్చిన ఓటరు ప్రశ్నకు ఇచ్చే జవాబును అభ్యర్థికి ఇచ్చే జవాబుతో కలపడు. ఒక ప్రశ్న వల్ల ఇంతమంది వచ్చారని ఎవరైనా అంటే, పాఠకుడు మొదట అడగవలసింది ఆ రోజు బ్యాలెట్‌పై ఇంకేముందో, రానివారి ఓటును చట్టం ఎవరి ఖాతాలో వేసిందో.